మాట పుట్టుక దేవులాడిన పంతులు

మా మంచాల దిక్కు కౌలు అన్న మాట తెల్వని ఇల్లుండదు. భూమి లేనోడు కౌలుకు పడ్తడు, భూమి ఉండి పట్నంల ఉండేటోడు కౌలుకిస్తడు. పుట్టినకాన్నుంచి ఇంటున్న మాట. అది ఎక్కడికెల్లి వచ్చిందో ఎన్నడూ ఆలోచన చెయ్యలె. 2011ల కౌలు రైతుల కోసం చట్టమొచ్చినంక, గుర్తింపు కార్డులు ఇప్పియ్యాలని ఊరూరు తిరుగుతుంటె, ఒకనాడు ఒక ముసలాయన అరుగు మీద కూసున్న. నిజాం కాలంల ఉర్దూ బడిల చదివిన మనిషి. కౌలు అంటె ఏందో ఎర్కనా అని నన్నే అడిగిండు. భూమికి కిరాయి అన్న. కాదు బిడ్డా, అరబ్బీల కౌల్ అంటె మాట, ఇచ్చిన మాట అని చెప్పి చుట్ట ముట్టించుకున్నడు.

ఆ రాత్రి నాకు నిద్రవట్టలె. భూమి ఇచ్చినోడు మాట ఇచ్చిండు, పట్టినోడు మాట ఇచ్చిండు. నడుమ కాయితం లేదు. మేం ఏ కాయితం కోసం ఊర్లు పట్టుకొని తిరుగుతున్నమో, ఆ కాయితం లేని కథంతా ఆ ఒక్క మాటల్నే ఉన్నది. రైతు ఆత్మహత్య చేసుకుంటె, ఆయన పేరు మీద భూమి లేదు కాబట్టి రైతే కాదన్న ఆఫీసు మాట నేను చెవులార విన్న. కౌలు అన్న మాట పుట్టుక తెలిసినంక ఆ కోపానికి ఒక ఆకారం వచ్చింది.

అప్పటిసంది నాకు ఇదొక పిచ్చి. ఇంటర్ దాటని చదువు నాది. కోఠిల పాత పుస్తకాల దుకాణంల బ్రౌన్ నిఘంటువు కొన్న. ఉర్దూ తెలిసినోళ్లు కలిస్తె వదిలిపెట్టకపోయేది. రైతు అన్న మాట కూడ అరబ్బీ రయ్యత్ అని తెలిసింది. రయ్యత్ అంటె మొదలు కాపరి మేపే మంద. ఆ తర్వాత రాజు ఏలే జనం. ఇంకా తర్వాత దున్నేటోడు. మనం గౌరవంగ చెప్పుకునే మాట అడుగున మంద ఉన్నది. జిల్లా అంటె పక్కటెముక, పక్క అని. తహసీల్ అంటె వసూలు. దవాఖానల దవా అరబ్బీ, ఖానా ఫారసీ. సబ్బు, బాల్చీ, ఇస్త్రీ, మేస్త్రీ అన్నయి పోర్చుగీసోళ్ల ఓడలెక్కి వచ్చినయి. మా ఇబ్రహీంపట్నం పేరునే చూడుండ్రి. ముందటి సగం కుతుబ్ షాహీల పేరు, ఎనుకటి సగం సంస్కృతం. ఊరి పేరుల్నే రెండు దునియాలు పక్కపక్కన కూసున్నయి.

ఇట్ల మాటల ఎంబడి తిరుగుతుంటె నాకు దొరికిన మనిషి గిడుగు రామమూర్తి పంతులు.

ఆయన పేరు మీకు తెల్సు. ఆగస్టు 29 రాంగనె తెలుగు భాషా దినోత్సవం అని ఫోటోకు దండేస్తరు. మన దిక్కు సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటం. గిడుగు అటు దిక్కాయన, మనకేం పని అని నేను గూడ శాన ఏండ్లు అనుకున్న. ఉద్యమంల తిరిగినోన్ని, గట్లనే అనుకుంటం. కని ఆ ఫోటో ఎనుక మనకు బడిల చెప్పని మనిషి ఒకడున్నడు. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు అందరికి ఎరుకే. కొండ మీదోళ్ల మాట ఒక్కొక్కటి ఏరుకొని, ఆ ఏరుకునుట్లనే చెవులు పోగొట్టుకున్న గిడుగు ఎందరికి ఎరుక? నేను చెప్పేది ఆయన కథ.

వంశధార ఒడ్డు పిల్లగాడు

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున పర్వతాలపేట అన్న చిన్న ఊర్ల పుట్టిండు. తండ్రి వీర్రాజుది సర్కారు రెవెన్యూల చిన్న కొలువు. 1875ల తండ్రి విషజ్వరంతోని చనిపోయిండు. అప్పటికి పిల్లగానికి పన్నెండేండ్లు. చుట్టాల ఆసరాతోని విజయనగరంల మహారాజా వారి ఇంగ్లీషు బడిల చదివిండు. అదే బడిల గురజాడ అప్పారావు ఆయన తోటి పిల్లగాడు. పెద్దయినంక ఒకాయన కన్యాశుల్కం రాసిండు, ఇంకొకాయన తెలుగు రాతనే మార్చిండు.

1879ల మెట్రిక్ పాసయిండు. ఇంకా చదివేటందుకు పైసల్లేవు. 1880ల పర్లాకిమిడి రాజావారి బడిల పంతులు కొలువు దొరికింది. నెలకు 30 రూపాయలు. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాల గజపతి జిల్లాకు పెద్ద పట్నం, అప్పుడు మద్రాసు రాజ్యంల గంజాం జిల్లా. కొలువు చేసుకుంటనే రాత్రిళ్లు చదివి 1886ల ఎఫ్.ఏ., 1896ల బి.ఏ. ప్రైవేటుగ కట్టి పాసయిండు. డిగ్రీ చేతికొచ్చేసరికి ముప్ఫై మూడేండ్లు. ఓపెన్‌ల డిగ్రీ కట్టి, పగలు ఆటో నడిపి రాత్రి పుస్తకం పట్టే మన పిల్లలు ఈ సంగతి యాది పెట్టుకోవాలె.

వంశధార ఒడ్డున ముఖలింగం అని పాత గుడి ఊరున్నది. ఆ గుడి రాళ్ల మీద శాసనాలున్నయి. రామమూర్తి వాటిని ఎవ్వల దగ్గర కూసోకుంట తనంతట తానే చదువుడు నేర్చుకున్నడు. పాత అక్షరం ఎట్ల వంకర తిరిగి ఇప్పటి అక్షరమైందో, పాత మాట ఎట్ల అరిగి ఇప్పటి మాటైందో రాయి మీద కండ్లారా చూసిండు. ఆ తర్వాత ఆయన బతుకుల చేసిన కొట్లాటలన్నిటికి ఆయుధం ఈడ్నే దొరికింది. పండితులు పుస్తకం చూసి మాట్లాడేటోళ్లు, ఆయన పుస్తకం కంటె ముందటి రాయిని చూసి మాట్లాడేటోడు.

సవర మాట నేర్చుకున్న బాపనాయన

పర్లాకిమిడి చుట్టు కొండలు. కొండల మీద సవరలు. అమ్మకానికి, కొనుగోలుకు, కచేరి పనికి కిందికి దిగితె వాళ్లకు పట్నపోళ్ల మాట రాదు, పట్నపోళ్లకు వాళ్ల మాట రాదు. మాట రానోడు లెక్కల మోసపోతడు, కచేరిల నోరు లేనోడైతడు. షావుకారి ఏది రాసుకుంటె అదే అప్పు. మన తండాల ముసలోళ్లను అడుగుండ్రి, గీ కథ వాళ్లే మంచిగ చెప్తరు.

ఆ కాలంల పట్నంల ఉన్న చదువుకున్నోళ్లకు సవర మాట ఒక భాష కాదు. అడవిల అరుపు. అందుట్ల రామమూర్తి బ్రాహ్మణ కుటుంబం మనిషి, రాజావారి బడిల పంతులు. ఆయనకు ఆ మాట నేర్చుకోవాలని ఆశ పుట్టింది. పుస్తకం లేదు, నిఘంటువు లేదు, నేర్పే బడి లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి తన ఇంట్లనే పెట్టుకున్నడు. ఎదురుంగ కూసొని ఒక్కొక్క మాట అడుగుడు, విన్నది విన్నట్టు రాసుకునుడు, మల్ల తాను పలికి సరిపోయిందా లేదా అని చూసుకునుడు. ఇది ఒక నెల, ఒక ఏడాది పని కాదు. ముప్ఫై ఏండ్లకు పైన నడిచింది.

రాసుకున్నకొద్ది ఆయనకు ఏం కనవడ్డదో చూస్తె, మాటలంటె ఆశ ఉన్న ఎవ్వనికైనా కడుపు నిండుతది. మనం పులి నిన్ను పట్టుకుంటది అనాలంటె మూడు మాటలు కావాలె. సవరలు దాన్ని ఒక్క మాటల అంటరు. పట్టుకునుడు, పులి, నువ్వు అన్న మూడూ ఒకదాంట్ల ఒకటి దూరి ఒక్కటే క్రియ అయితది. రామమూర్తి తన వ్యాకరణంల ఎక్కించిన ఈ ముచ్చటను ఇయ్యాల్టికీ ప్రపంచంల భాషాశాస్త్రం చదివేటోళ్లు ఎత్తి చూపిస్తరు. అడవిల అరుపు అన్నదాంట్ల అంత కట్టుదిట్టమైన అల్లిక ఉన్నది.

లెక్కల సంగతి ఇంకా తమాష. మనం పది దాంక లెక్కవెట్టి పదకొండు నుంచి మల్ల కలుపుకుంట పోతం. సవరలు పన్నెండు దాంక పోతరు. పదమూడు అంటె పన్నెండూ ఒకటి. ఇరువై వచ్చినంక ఇరువైల మీద లెక్క. ముప్ఫైమూడు అంటె ఇరువై, పన్నెండు, ఒకటి. మనకు తిక్క లెక్క అనిపిస్తది. కని గుడ్లు, అరటిపండ్లు మనం డజన్లల్లనే కొంటం గద. గడియారంల గంటలు పన్నెండే గద. లెక్కకు పదే దిక్కు అని ఎవ్వలూ రాసియ్యలె.

నీళ్లకు సవరలు దా అంటరు, గొంతు పట్టి ఆపినట్టు పలుకుతరు. జార్ఖండ్ దిక్కు సంతాలీలకూ నీళ్లంటె దాదాపు అదే మాట. అది కొద్దిగ మారి కంబోడియాల, వియత్నాంల కూడ నీళ్ల మాటైంది. తెలుగు, తమిళం, గోండి ఒక తల్లి పిల్లలైతె, సవరది ఇంకొక తల్లి. ఆ తల్లి పిల్లలు శ్రీకాకుళం కొండల నుంచి వియత్నాం దాంక ఉన్నరు. పర్లాకిమిడి సంతల నోరు లేనోడు అనుకున్న మనిషికి సముద్రం అవతల దాంక చుట్టరికం ఉన్నది. ఒక చిన్న మాట పుట్టుక దేవులాడితె ఇంత దూరం తోల్కపోతది.

చెవులు పోయినయి

మాటలు ఇంట్ల కూసుంటె దొరకయి. రామమూర్తి కొండలెక్కి సవర గూడేలు తిరిగిండు. కొండల మీద మలేరియా. జ్వరం తగ్గాలంటె ఆ కాలంల క్వినైనే మందు. అది మింగి మింగి ఆయన చెవులు దెబ్బతిన్నయి. మెల్లమెల్లగ వినుడే పోయింది. సప్పుడు సప్పుడుకు తేడా పట్టి, గొంతుల ఆగే చిన్న విరుపును కూడ కాయితం మీద పెట్టిన మనిషికి చెవులే లేకుంట పోయినయి. అయినా పని ఆపలె.

నేర్చుకున్నది దాచుకోలె. సవర మాటల పుస్తకాలు రాసిండు. సొంత పైసలు పెట్టి సవర పిల్లలకు బడులు పెట్టిండు. ఆ బడి పంతుళ్ల జీతాలు గూడ తన జీతంలకెల్లే ఇచ్చిండు. సవర పిల్లగానికి చదువు సవరల్నే మొదలు కావాలె అన్నది ఆయన పట్టు. అమ్మ భాషల చదువు అని ఇప్పుడు ఢిల్లీల పాలసీలు రాస్తున్నరు. పంతులు నూరేండ్లకు ముందే జీతం పైసలతోని చేసి చూపించిండు.

1911ల కొలువు దిగిండు. 1913ల సర్కారు బిరుదు ఇచ్చింది. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931ల, ఇంగ్లీషు సవర నిఘంటువు 1933ల, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938ల మద్రాసు సర్కారు అచ్చేసింది. చివరి పుస్తకం వచ్చేసరికి ఆయనకు డెబ్బై అయిదు. ఆ నడుమ, 1936ల, మంగై గొమాంగో అనే సవర మనిషి తమ భాషకు సొంత లిపి తయారు చేసిండు. దాన్ని సొరాంగ్ సోంపెంగ్ అంటరు. ఇప్పుడది యూనికోడ్‌ల కూడ ఉన్నది, ఫోన్ల రాసుకోవచ్చు. బయటోడు ఎంత ప్రేమతోని చేసినా, చివరికి తమ అక్షరం తామే దిద్దుకుంటరు. అది గూడ మంచిదే.

తెలుగు కొట్లాట

ఇగ మీకు ఎరుకున్న కథ. 1906 ప్రాంతంల యేట్స్ అనే తెల్లదొర బడుల ఇన్‌స్పెక్టర్‌గ వచ్చిండు. ఆయన తెలుగు నేర్చుకుంట, బడిల పుస్తకాల తెలుగు ఒకటి, బజార్ల జనం తెలుగు ఒకటి ఎందుకున్నదని అడిగిండు. ఇంగ్లీషుల గట్ల లేదు గద అన్నడు. ఆ ప్రశ్న రామమూర్తి దగ్గరికి వచ్చింది. సవర మాటను ఉన్నదున్నట్టు రాసిన మనిషి ఆయన. సొంత తెలుగును మాత్రం లేనిది లేనట్టు రాస్తున్నమని అప్పుడు కండ్లు తెరిచిండు. నా లెక్కల, ఆయనకు వాడుక తెలుగు విలువ నేర్పింది సవరలే.

అప్పటి బడి తెలుగుకు అచ్చు చిన్నయ సూరి నీతిచంద్రిక. 1853ల వచ్చింది. అందుట్లున్నట్టు రాస్తెనే రాత, లేకుంటె గ్రామ్యం. గ్రామ్యం అన్న మాట పుట్టుక చూడుండ్రి. గ్రామంల నుంచి వచ్చింది. ఊరోని మాట అన్నదే తిట్టు. ఆ తిట్టు మీద రామమూర్తి కొట్లాడిండు. గురజాడ తోడున్నడు. అటు దిక్కు జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు, పెద్ద పెద్ద పండితులు.

ఆయన కొట్లాడిన తీరు చూసి మనం నేర్చుకోవాలె. తిట్టలె, ఏడ్వలె. రుజువులు తెచ్చిండు. మీరు తప్పంటున్న మాటలు శాసనాలల్ల ఉన్నయని చూపించిండు. గద్యచింతామణి అని ఒక పుస్తకమే వేసిండు. పాతకాలంల పండితులు వచనం రాసినప్పుడు ఎట్ల వాడుక మాటల్నే రాసిండ్రో అందుట్ల కుప్ప పోసిండు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అని ఇంకొకటి రాసి, గ్రాంథికం రాస్తున్నం అనుకునేటోళ్లు చేసే తప్పులు లెక్కవెట్టి చూపించిండు. గ్రాంథికం కోసం కొట్లాడేటోళ్లకే గ్రాంథికం సక్కగ రాదని తేల్చిండు. మాట పుట్టుక తెలిసినోని ముందు దబాయింపు నడవది.

1919ల తెలుగు అన్న పేరుతోని పత్రిక పెట్టి ఒక ఏడాది నడిపిండు. అదే ఏడు రాజమండ్రిల వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టింది. కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షుడైండు. ఒకప్పుడు గ్రాంథికంల రాసిన పెద్దమనిషి, చివరి రోజులల్ల ఇటు దిక్కు వచ్చిండు. ఇయ్యాల నేను ఈ నాలుగు ముక్కలు మా ఊరి తెలుగుల రాస్తె మీరు ఫోన్ల చదువుతున్నరంటె, దాని మొదలు ఆడ ఉన్నది.

మన లెక్క ఒకటి మిగిలింది

అయితె ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలె. గిడుగు గెలిపించిన వాడుక భాష అంటె చదువుకున్నోళ్లు వాడే వాడుక. తర్వాతి కాలంల పత్రికలు, సినిమాలు, బడి పుస్తకాలు అన్నీ కలిసి దాన్ని నాలుగు కోస్తా జిల్లాల మాట చేసినయి. అప్పుడు మన దిక్కు పరిస్థితి వేరు. నిజాం రాజ్యంల బడి, కచేరి ఉర్దూల. 1921ల హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్ల సభ జరిగితె, తెలుగుల మాట్లాడినాయన్ను అల్లరి పెట్టి కూసోబెట్టిండ్రు. ఆ అవమానంలకెల్లే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మనకు అప్పుడు తెలుగు మాట్లాడుడే కొట్లాట. ఏ తెలుగు అన్న కొట్లాట తర్వాత వచ్చింది. తెలుగు రాష్ట్రం అయినంక, మన తెలుగే గ్రామ్యం అయింది. సినిమాల రౌడీకి, పనిమనిషికి మన మాట పెట్టిండ్రు.

నేను అయిదో తరగతిల ఇండ్లు అని రాస్తె, సారు ఎర్ర పెన్నుతోని కొట్టేసి ఇళ్ళు అని దిద్దిండు. తప్పు రాసిన అనుకొని సిగ్గుపడ్డ. శాన ఏండ్లకు తెలిసింది, రెండిట్ల పాత రూపం ఇండ్లే. పుస్తకాల గ్రాంథికం కూడ అదే. ఇళ్ళు అన్నది దాని తర్వాత వచ్చిన రూపం. మా ముసలోళ్లు వాండ్లు అంటె మొరటు మాట అని నవ్వుతరు. పాత పుస్తకాల వాఁడు మీద అరసున్న ఉంటది. ఒకప్పుడు నోటితోని పలికిన న అరిగి అరిగి మిగిలిన గుర్తు అది. పుస్తకంల సున్న సగమైంది, మా అవ్వ నోట్ల ఇంకా నిండుగ ఉన్నది. పంతులు బతికుంటె మా అవ్వ ముందట కాయితం పట్టుకొని కూసునేటోడు. గందుకే ఆయన మనోడు అంటున్న. ఆయన గెలిచిన గెలుపు మన దాంక రాకపోవచ్చు, ఆయన పట్టిన తొవ్వ మాత్రం మనదే.

నవ్వినోళ్లల్ల నేనొకన్ని

ఇంకొక సంగతి చెప్పకుంటె ఈ కథ చెప్పే హక్కు నాకు లేదు. నా చిన్నప్పుడు మా బడికి దగ్గరి తండా నుంచి ఒక పిల్లగాడు వచ్చేటోడు. ఒకనాడు వాళ్లమ్మ సద్ది పట్టుకొని వస్తె, వాకిట్ల చూసి యాడీ అని పిలిచిండు. వాళ్ల గోర్ బోలిల అమ్మను గట్లనే అంటరు. క్లాసు క్లాసంతా పకపక నవ్వింది. నవ్వినోళ్లల్ల నేనొకన్ని. ఆ తర్వాత వాడు బడిల నోరు తెరువలె. అయిదు కాంగనె బడి బందయింది. పేదరికం, పని, అన్నీ ఉన్నయి. కని ఆ నవ్వు గూడ ఉన్నది. మాకు ఇండ్లు అంటె సిగ్గు నేర్పిన బడే, మా చేత వానికి యాడి అంటె సిగ్గు నేర్పించింది. సవర మాట నేర్చుకునేటందుకు ఇల్లే బడి చేసుకున్న మనిషి గురించి చదివిననాడు నాకు మొదలు యాదికొచ్చింది ఆ పిల్లగాడే.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డది. పర్లాకిమిడి అందుట్ల కలిసింది. తెలుగోళ్లున్న ఊరు తెలుగు జిల్లాలల్లనే ఉండాలె అన్న రామమూర్తి మాట చెల్లలె. యాభై ఆరేండ్లు బతికిన ఊరిని, సవర గూడేలను ఇడిసిపెట్టి, డెబ్బై దాటిన వయసుల రాజమండ్రికి వచ్చి కొడుకు దగ్గర ఉన్నడు. నిఘంటువు అచ్చు పని మాత్రం ఇడువలె. 1940 జనవరి 22న చనిపోయిండు. కాలేజీలల్ల, యూనివర్సిటీలల్ల వాడుక భాషల రాసుకోనిచ్చే రోజు ఆయన చూడలె. అది రావడానికి ఇంకా కొన్ని పదేండ్లు పట్టింది.

ఇప్పుడు మన వంతు

తమ్మీ, చెల్లే, ఇదంతా ఎందుకు చెప్తున్ననంటె, మాటలు మర్చిపోతె పోయేది మాటలే కాదు. మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దిక్కు పోయి చూడుండ్రి. కట్ట, తూము, మత్తడి, శిఖం, నీరటి అని చెరువుకు ఒక్కొక్క భాగానికి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాట ఉండె. నీళ్లు వదిలేది తూము. ఎక్కువైన నీళ్లు పొర్లేది మత్తడి. నీళ్లు పంచే మనిషి నీరటి. చెరువు నిండితె మునిగే నేల శిఖం. శిఖం అన్న మాట ఎరుకున్నోడు ఎండకాలం ఎండిన నేలను చూసినా ఇది చెరువు అంటడు. ఎరుకలేనోడు అదే నేలను చూసి ప్లాటు అంటడు, బయానా ఇస్తడు, వాన కొట్టిననాడు ఇల్లు మునిగి మొత్తుకుంటడు.

పోరంబోకు అన్న మాట తమిళంకెల్లి వచ్చింది. లెక్కల బయట ఉన్నది అని దాని మొదటి అర్థం. పన్ను లెక్కకు బయట, అంటె ఊరందరిది. ఇప్పుడు పనికిరాంది అన్న తిట్టయింది. ఊరందరి భూమిని పనికిరాంది అని పిలుసుడు మొదలైతె, దాన్ని మింగెటోనికి పని అల్కగ అయితది. మాట అర్థం ఎక్కడ మారిందో పట్టుకుంటె, భూమి ఎక్కడ చేతులు మారిందో దొరుకుతది. పహాణీ పట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగిన నా అనుభవంల ఇది నిజం.

పోయిన మాటలు రావని కాదు. ఖరీఫ్, రబీ అని కాయితాల మీద ఉండె. అరబ్బీల ఖరీఫ్ అంటె ఆకురాలు కాలం, రబీ అంటె వసంతం. మన వానలకు, మన చలికి వాటితోని పొంతనే లేదు. తెలంగాణ వచ్చినంక వానకాలం, యాసంగి అని సర్కారు కాయితాల మీదికి మన ముసలోళ్ల మాట ఎక్కింది. యాసంగి అన్నది వేసంగి, వేసవి చుట్టమే. మా నాయిన బతుకంతా అన్న మాటను నేను టీవీల చూసిననాడు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

బయటి నుంచి వచ్చిన మాటలను తరిమికొట్టమని నేను చెప్త లేను. కౌలు, రైతు, దవాఖాన అన్నీ మనయే అయినయి, వాటిని పంపిస్తె మనకు నోరే ఉండదు. యాడికెల్లి వచ్చిందో తెలుసుకొని వాడుకుందాం అంటున్న. పంతులు చేసింది గదే.

ఆయనకు ఫోన్ లేదు, రికార్డర్ లేదు, చివరికి చెవులు గూడ లేవు. మీ చేతిల ఫోన్ల ఈ మూడూ ఉన్నయి. ఈ ఆదివారం మీ అవ్వ దగ్గరనో, తాత దగ్గరనో కూసోండ్రి. మోట కొట్టిన కాలం మాటలు, వరి కోత మాటలు, ఇత్తనం మాటలు, గొడ్డు రోగాల మాటలు అడుగుండ్రి. పదంటె పదే రాసుకోండ్రి. ఆళ్ల గొంతు రికార్డు చెయ్యిండ్రి. ఆ పది మాటలల్ల ఒక్కదాని పుట్టుక దొరికినా మీకు ఆ రాత్రి నిద్ర పట్టది, నా పూచి.

తర్వాత మీ దోస్తులల్ల తండా నుంచి వచ్చినోడు ఉంటడు, ఉర్దూ మాట్లాడేటోడు ఉంటడు, ఇటుక బట్టీకి ఒడిశా నుంచి వచ్చినోళ్ల పిల్లగాడు ఉంటడు. వాళ్ల ఇంట్ల నీళ్లను ఏమంటరో అడుగుండ్రి. అమ్మను ఏమంటరో అడుగుండ్రి. చెప్పినంక నవ్వకుండ్రి, రాసుకోండ్రి. నేను నవ్విన ఆ పిల్లగాడు ఇప్పుడు ఎక్కడున్నడో నేను ఎతుకుతనే ఉన్న. దొరికితె, వాని దగ్గర కూసొని పది మాటలు నేర్చుకోవాలె.